యాత్రికుడు రాత్రి ఆగేలా చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పర్యాటకం గురించి మీ జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన కథనాన్ని రెండుసార్లు చదివాను. 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా మన జిల్లాకు సందర్శకులు నిలవకపోవడానికి మంచి హోటళ్లు లేకపోవడమే కారణమనీ, రెండు మూడు పెద్ద రిసార్టులు వస్తే పరిస్థితి మారిపోతుందనీ అందులో రాశారు. సోంపేట మండలం బారువ దగ్గర పన్నెండేళ్లుగా నాలుగు గదులు అద్దెకిచ్చి బతుకుతున్నవాడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేను. నా నాలుగు గదులూ ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఖాళీగానే ఉంటాయి. వచ్చే జనానికి కొదవ లేదు, ఆదివారం మధ్యాహ్నం మా తీరంలో కారు తిప్పుకోవడానికి చోటు ఉండదు. సాయంత్రం ఆరు కొట్టేసరికి మాత్రం ఒక్కరూ మిగలరు.

ఈ మాట చెప్పే అర్హత నాకెక్కడిదని ఎవరైనా అడగవచ్చు గనుక నా సంగతి కొంత చెప్పుకోవాలి. ఉద్దానంలో పుట్టిన చాలామందిలాగే నేనూ పదిహేడేళ్లకే ఊరు విడిచాను. 1981లో మా మేనమామ వెంట ఖరగ్‌పూర్ వెళ్లి, రైల్వే కాలనీకి దగ్గరలో తెలుగువాళ్లు నడిపే టిఫిన్ హోటల్లో కప్పులు కడిగాను. తరువాత ఒక కాంట్రాక్టరు దగ్గర ఇనుప దూలాలకు రంగులు వేసే కూలీగా చేరాను. 1988లో విశాఖపట్నం నుంచి ఓడలో రెండున్నర రోజులు ప్రయాణించి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాను. అక్కడ మన జిల్లా వాళ్లు ఎంతమంది ఉన్నారంటే, మొదటి వారంలోనే సంతలో మా పక్క ఊరి మనిషి కనబడి, మా నాన్న పేరు చెప్పి మరీ పలకరించాడు. తాపీ పనికి ఇసుక మోశాను, పడవల అడుగున పట్టిన నాచు గీకాను, ఒక బియ్యం కొట్టులో లెక్కలు రాశాను. చివరికి హేవ్‌లాక్ దీవిలో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న చోట, యాత్రికుల వెదురు కుటీరాలకు వంటవాడిగా, కాపలాదారుగా కుదిరాను. బస నడపడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆ దీవిలో 1950ల నాడు వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు ఎక్కువ. నాకు పని ఇచ్చింది కూడా అలాంటి కుటుంబమే. ఇంటి వెనుక పోకతోటలో నాలుగు కుటీరాలు, ఇంటి ముందు ఒక పొడుగాటి బల్ల, ఆ బల్ల మీద ఏ పూటకాపూట ఇంటావిడ వండిందే భోజనం. టీవీ లేదు, ఏసీ లేదు, రాత్రి పదయ్యేసరికి కరెంటు పోయేది. అయినా వచ్చినవాళ్లు నాలుగైదు రోజులు కదిలేవారు కారు. ఎందుకని చాలాకాలం ఆలోచించాను. సముద్రం అందం అని అందరూ అంటారు, అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగి వెళ్లే పడవ రోజుకు ఒకటో రెండో ఉండేవి, అది తప్పిపోతే రాత్రి ఉండక తప్పదు. అలా గతిలేక ఒక రాత్రి ఉన్నవాడు పొద్దున్నే లేచి ఇసుకలోకి నడిచివచ్చి, ఇంకో రెండు రోజులు గది కావాలని తానే అడిగేవాడు. మన బారువకు అటువంటి అదృష్టం లేదు. పదిహేను ఇరవై నిమిషాల్లో జాతీయ రహదారి ఎక్కవచ్చు, కంచిలిలో సోంపేట స్టేషన్ ఉంది, బరంపురం గంటన్నర దూరం. ఇంత సులువుగా ఇంటికి చేరుకోగలిగినవాడు ఇక్కడ రాత్రి ఎందుకు ఆగాలి? పర్యాటకం మీద ప్రణాళికలు రాసేవారు ముందు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే.

జవాబు లేకపోలేదు. మన జిల్లాలో చూడదగినవి చాలావరకు తెల్లవారుజామునే జరుగుతాయి. అరసవల్లిలో మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదటి రోజుల్లోనూ స్వామి పాదాలను తాకే సూర్యకిరణాలను చూడాలంటే, ముందు రాత్రి శ్రీకాకుళంలో ఎక్కడో ఒకచోట తల దాచుకోవలసిందే. మబ్బు పడితే మరునాడు కూడా వేచి ఉండాలి. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలమంతా ఉంటాయి, కానీ అవి మేతకు బయలుదేరే వేళ పొద్దు పొడిచే వేళే. శాలిహుండం కొండ మీద స్తూపాల శిథిలాల దగ్గర నిలబడి వంశధారను చూడాలంటే పదకొండు గంటల ఎండలో ఎవరికీ ఓపిక ఉండదు. 1919లో ఆ కొండను వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తి గారు ఏ వేళ ఎక్కారో గానీ, మా అతిథులను మాత్రం నేను ఆరింటికే అక్కడ ఉండేలా పంపుతాను.

ఇక మా బారువ సంగతి. తెల్లవారుజామున నాలుగున్నర అయిదు మధ్య అలివి వల లాగుతారు. వల రెండు కొసలు పట్టుకుని ఇరవై ముప్పై మంది రెండు వరుసలుగా ఇసుకలో వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ లాగుతుంటే, వల మధ్యభాగం ఒడ్డుకు చేరడానికి గంట పైగా పడుతుంది. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు తామూ తాడు పట్టుకుంటామని వెళ్లి, అరచేతులు బొబ్బలెక్కి తిరిగివచ్చారు. వల వాళ్లు వాటా కింద ఇచ్చిన గుప్పెడు నెత్తళ్లను మా ఆవిడ చింతకాయ వేసి వండిపెట్టింది. ఆ ఇద్దరూ ఇప్పటికి మూడుసార్లు వచ్చారు. మధ్యాహ్నం వచ్చి సాయంత్రం పోయేవాడికి ఇదేదీ కనబడదు. వాడికి కనబడేది ఎండ, ఉప్పుగాలి, ఇసుకలో పడేసిన చిప్స్ కవర్లు.

తాబేళ్ల మాట కూడా చెప్పాలి. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పూడ్చి కాపాడతారు. ఏడెనిమిది వారాలకు బయటికొచ్చిన పిల్లలను వేకువనే నీటి అంచున విడుస్తారు. అగ్గిపెట్టె కన్నా పెద్దగా లేని ఆ జీవి నాలుగు కాళ్లనూ తెడ్లలా ఆడిస్తూ అల వైపు పోవడం చూసి, మా దగ్గర దిగిన ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు చెప్పులు చేత్తో పట్టుకుని అరగంట సేపు కదలకుండా నిలబడిపోయారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తీరానికి దీపాలు కావాలని మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, మీ కథనంలో కూడా హైమాస్ట్ దీపాల ప్రస్తావన ఉంది. తాబేలు పిల్ల వెలుగు ఎటు ఎక్కువగా ఉంటే అటే సముద్రం ఉందనుకుని పాకుతుంది. ఒడ్డున పెద్ద దీపం పెడితే అది రోడ్డు మీదకు వచ్చి చస్తుంది. నాకు కావలసింది ఊరి నుంచి తీరం దాకా ఉన్న దారిలో దీపాలు. ఆ దారి ఇప్పుడు చీకటి, పక్కన తోటలు, పాముల భయం. ఇసుక మీద మాత్రం చీకటిని చీకటిగానే ఉంచాలి. ఈ రెండింటికీ తేడా తెలియకుండా దీపాలు మంజూరు చేస్తే, ఎవరిని చూడడానికి జనం వస్తారో వాళ్లనే వెళ్లగొట్టినట్టవుతుంది.

దీపాల తరువాత బస్సు. సోంపేట వైపు మాకు ఉన్న ఆఖరి బస్సు సాయంత్రం అయిదున్నరకే వెళ్లిపోతుంది. సొంత కారు లేనివాడు దాన్ని అందుకోవాలనే హడావుడిలోనే ఉంటాడు, లేదా ఆటోకు అయిదారు వందలు ఇచ్చుకుంటాడు. రాత్రి ఎనిమిదికి ఒకటి, ఉదయం ఏడుకు ఒకటి తిరిగితే, ఆ మధ్య రాత్రి మాకు మిగులుతుంది.

సముద్రం గురించి రాయడానికి నాకు మనసొప్పదు గానీ రాయక తప్పదు. మా దగ్గర మహేంద్రతనయ నది కలిసే చోట నీరు పైకి నెమ్మదిగా కనబడుతుంది, అడుగున మాత్రం మనిషిని లాగేస్తుంది. కార్తీక వనభోజనాలకు వచ్చే కుర్రాళ్లకు ఆ సంగతి తెలియదు. కాపాడేది ఎప్పుడూ చేపలు పట్టేవాళ్లే, అదీ ఆ వేళకు వాళ్లు ఒడ్డున ఉంటేనే. ఊళ్లో ఈత వచ్చిన పాతికమంది యువకులు పని కోసం గుజరాత్ వేరావల్ రేవుకు వలస పోతున్నారు. వాళ్లలో నలుగురికి ఎర్రజెండాలు, ట్యూబులు, నెల జీతం ఇచ్చి ఇక్కడే నిలబెట్టడానికి రిసార్టు కట్టినంత డబ్బు అక్కరలేదు. 2018 చివర వేరావల్ పడవల మీద పోయిన మన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్ చెరలో చిక్కి, 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదన్న సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

పెద్ద హోటళ్ల మీద నాకు ద్వేషం లేదు. 2006 నుంచి అయిదేళ్లు మస్కట్‌లో పెద్ద హోటల్ ఒకదాని లాండ్రీలో పనిచేశాను. ఒక దుప్పటికి ఒక్క చుక్క మరక ఉన్నా దాన్ని పరుపు మీదకు పంపకూడదనీ, దిండు గలీబు నోరు తలుపుకు అటువైపు ఉండాలనీ నేర్పింది వాళ్లే. నేటికీ నా గదుల్లో అలాగే పరుస్తాను. అయితే ఆ హోటల్ గోడ దాటితే ఉన్న జాలరిపేటకు అది ఉన్నా లేకున్నా తేడా ఉండేది కాదు. కూరగాయలు విమానంలో వచ్చేవి, పనివాళ్లం మేం వేరే దేశం నుంచి వచ్చాం. హేవ్‌లాక్‌లో అలా కాదు, ఒక కుటీరంలో అతిథి దిగితే పక్కింటి కోడిగుడ్లూ, ఎదురింటి సైకిలూ, రేవు దగ్గర టీ బంకూ అన్నీ కదిలేవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మా దీవిని పెద్దగా ముట్టలేదు గానీ, వారం తిరగకుండా అతిథులంతా ఖాళీ అయ్యారు. అప్పుడు ఆ కుటుంబాలు పోకచెక్కల మీద, కొబ్బరి మీద నెట్టుకొచ్చాయి. ఇల్లు వాళ్లదే గనుక ఎవరూ తలుపులు మూసి పోలేదు.

నేను 2011లో అమ్మకు ఒంట్లో బాగోలేక తిరిగొచ్చి, మస్కట్ డబ్బుతో మా కొబ్బరితోట అంచున గదులు లేపినప్పుడు మనసులో ఉన్నది ఆ పోకతోటే. స్లాబుకు డబ్బు చాలక సిమెంటు రేకులు వేశాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రెండు తలుపులే పోయాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు నాలుగు గదుల రేకులూ లేచిపోయాయి, ముప్పై ఆరు కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కూలాయి. విచిత్రమేమంటే నాకు అంతకుముందెన్నడూ లేనంతగా గదులు నిండింది ఆ తరువాతనే. కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు టార్పాలిన్లు కప్పిన నా గదుల్లో పద్దెనిమిది రోజులు ఉన్నారు. వాళ్ల దగ్గర అద్దె తీసుకోలేదు, తిండికి బియ్యం వాళ్లే తెచ్చుకున్నారు. వెళ్లే రోజు మోటారుకు కొత్త స్టార్టరు బిగించి ఇచ్చిపోయారు, అది ఇప్పటికీ పనిచేస్తోంది.

తప్పు మా వైపు లేదని నేను అనను. జిల్లాలో గదులు ఇచ్చే మాలాంటివాళ్లలో చాలామందికి రెండే గిరాకీలు తెలుసు: పెళ్లిళ్లు, గంట లెక్కన స్నానానికి గది అడిగేవాళ్లు. కార్తీకమాసం వస్తే అద్దె రెట్టింపు చేస్తాం. బోరు నీరు ఉప్పగా ఉందని ముందే చెప్పం. ఉప్పుగాలికి తలుపు బందులు, ఫ్యాను బిళ్లలు తుప్పు పడితే వారానికోసారి నూనెగుడ్డతో తుడవాలని తెలిసీ బద్ధకిస్తాం. అన్నింటికన్నా పెద్ద తప్పు, ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది లేదని చెప్పడం. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి తొమ్మిదింటికి, ఉద్యోగం పని మీద సోంపేట వచ్చి బస దొరకని ఒకావిడ ఆటోలో మా గేటు దగ్గర దిగింది. నేను గేటు తీయకుండానే, ఎవరు పంపారు, ఒక్కరే వచ్చారా, ఆధార్ ఉందా అని మొదలుపెట్టాను. లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, "ఆడకూతురు రాత్రిపూట గుమ్మంలో నిలబడితే ముందు మంచినీళ్లు ఇవ్వకుండా ఆధార్ అడుగుతున్నారేటి?" అని నా చేతిలో తాళంచెవి లాక్కుని గది తెరిచింది. ముప్పై ఏళ్లు నాలుగు ఊళ్లు తిరిగి, ఎన్నో చోట్ల పరాయివాడిగా గుమ్మంలో నిలబడ్డ నాకు ఆ మాట తోచకపోవడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రిజిస్టరు రాయాలి, గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి, అందులో సందేహం లేదు. విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఆ వివరాల ఫారం ఆన్‌లైన్‌లో పంపాలన్న నియమమూ న్యాయమైనదే. నా ఫిర్యాదల్లా ఆ పని ఎలా చేయాలో చెప్పే మనిషి దగ్గరలో లేకపోవడం గురించి. తీరం వెంట సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఒక రాత్రి మా దగ్గర ఆగితే, ఆ ఫారం కోసం నేను మరునాడు మూడు చోట్లకు తిరిగాను. ఒక కార్యాలయంలో, "ఇంత బాధ ఎందుకు, వాళ్లను పెట్టుకోకపోతే పోయేది కదా" అన్నారు.

హోమ్‌స్టే నమోదు కూడా ఇదే తీరు. ఒకటి నుంచి ఆరు గదులు, పన్నెండు మంచాలకు మించకుండా, యజమాని కుటుంబం అదే ఆవరణలో ఉంటూ అతిథులకు బస ఇచ్చే ఇళ్ల కోసం కేంద్ర పర్యాటక శాఖ పథకం ఎప్పటినుంచో ఉంది. రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఈ రెండు వాక్యాలూ నాకు తెలిసింది పత్రికల ద్వారానే గానీ, మండల స్థాయిలో ఎవరూ చెప్పగా కాదు. పంచాయతీలో లాడ్జీ అంటే ఒక లెక్క, ఇల్లు అంటే ఒక లెక్క ఉంది. ఇంట్లో రెండు గదులు అతిథికిచ్చే మనిషి ఏ లెక్కలోకి వస్తాడో అడిగితే ఎవరి జవాబు వారిది. బారువ, భావనపాడు, కళింగపట్నం తీరాల్లో ఖాళీ గదులున్న ఇళ్లు బోలెడు. పిల్లలు బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉంటారు, పెద్దవాళ్లు ఇద్దరే ఉంటారు. తీరంలోని ఒక్కో మండలంలో ఒక్క రోజు శిబిరం పెట్టి, ఫారాలు అక్కడే నింపించి, దుప్పటి ఎలా పరవాలో, విదేశీ అతిథుల ఫారం ఎలా పంపాలో చూపిస్తే, ఆ ఇళ్లలో సగమైనా తలుపులు తెరుస్తాయి. కావాలంటే దుప్పటి పాఠం నేను ఉచితంగా చెబుతాను.

అరసవల్లి రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగ చేసినందుకు జిల్లా వాసిగా సంతోషించాను. అయితే ఆ ఒక్క రోజు వచ్చిన భక్తుల సంఖ్యను పర్యాటక లెక్కల్లో చూపి సంబరపడడం వల్ల బారువకు గానీ, శ్రీముఖలింగానికి గానీ ఒక్క భోజనం అమ్ముడుపోదు. ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు ఎంతమంది రాత్రి ఉన్నారన్న లెక్క కూడా మండలాలవారీగా తీసి ప్రచురించాలని మీ పత్రిక అడగాలి. మాలాంటివాళ్లు రాసే రిజిస్టర్లలో ఆ లెక్క ఉండనే ఉంది, తీసుకుపోయేవారే లేరు.

మీ విలేకరి గారు ఈ వైపు మళ్లీ వస్తే ఆదివారం మధ్యాహ్నం కాకుండా ఏదైనా మంగళవారం సాయంత్రం రమ్మని నా మనవి. సోంపేట నుంచి వచ్చే బస్సు నాలుగున్నరకు దింపుతుంది, అదే బస్సు అయిదున్నరకు తిరిగి వెళుతుంది, దాన్ని ఎక్కవద్దని చెప్పండి. నాలుగో గది కిటికీ తూర్పుకు ఉంటుంది. వల లాగేవాళ్లు మా గేటు ముందు నుంచే పోతారు గనుక లేపే పని నాది.

భవదీయుడు,
బారువ తీరం నుంచి ఒక పాఠకుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా